కొలత తగ్గించి రాయను

ఫిబ్రవరి 2

అద్దం వచ్చింది. ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. ఈ వీధిలో ఏ దర్జీ దగ్గరా ఇంత అద్దం లేదు. ఆ మాట పైకి అనలేదు గానీ, దింపడానికి వచ్చిన ఇద్దరికీ అర్థమయ్యేలాగే నిలబడ్డాను.

అద్దం పెట్టిన గోడ ముప్ఫై ఒక్క ఏళ్లు అట్టల గోడ. ఒక్కో మనిషికి ఒక్కో కట్ట. వీపు ముక్క, ముందు ముక్కలు, చేతులు, మెడ పట్టీ, అన్నీ మందపాటి అట్టతో కోసి, చిల్లు పొడిచి, తాడు కట్టి కొక్కేనికి తగిలించేదాన్ని. నాలుగు వందల పైచిలుకు మనుషులు ఆ గోడ మీద వేలాడేవాళ్లు. నిరుడు కోడలూ నేనూ కూర్చుని రెండు నెలలు వాటన్నిటినీ ఫొటోలు తీసి ట్యాబ్‌లోని యాప్‌కి ఎక్కించాం. అది వాటిని చక్కటి గీతలుగా మార్చి దాచిపెట్టింది. కావలసినప్పుడు నొక్కితే చాలు, ప్రింటు షాపులో నిలువెత్తు కాగితం మీద దిగుతుంది. ఇంక అట్టలెందుకు? పాత కాగితాల బండికి వేసేశాను. గోడ ఖాళీ అయింది, అద్దం వచ్చింది.

సాయంత్రం ఎదురు సెలూన్ తమ్ముడు ప్యాంటు కొలతకు వచ్చి, అద్దంలో తన పొట్ట చూసుకుని దిగులు పడ్డాడు. "అక్కా, నడుము ఓ అంగుళం తగ్గించి రాయవా, మా ఆవిడ పుస్తకం చూస్తుంది" అన్నాడు.

"నా పుస్తకంలో అబద్ధం రాయను తమ్ముడూ. కావాలంటే నువ్వే తగ్గు" అన్నాను.

తర్వాత తన గోడు చెప్పుకున్నాడు. సెలూన్‌లో పాటలు వేసే యాప్ మొదటి ఏడాది కారుచౌక అన్నారట, ఏడాది తిరగ్గానే నాలుగింతలు లాగేశారట. చదవకుండా నొక్కితే అంతే, అన్నాను. వాడు వెళ్లాక కోడలు కాజాలు కుడుతూ తలెత్తకుండా, "అత్తయ్యా, మనదీ ఈ నెల్లోనే ఏడాది నిండుతుంది. ఒకసారి చూసుకోండి" అంది. నేను ప్రతి అక్షరం చదివే నొక్కానని చెప్పాను. చదివాను కూడా. పెద్ద అక్షరాలన్నీ.

ఈ పుస్తకం ముందు నుంచి కొలతలు, వెనక నుంచి నా గోల. వెనక పేజీలు ఎవరూ తిప్పరు.

ఫిబ్రవరి 9

కోడలు మళ్లీ గుర్తు చేసింది. చూస్తానన్నాను. చేతి నిండా పనుంది.

ఫిబ్రవరి 13

పెద్ద టీచరు వచ్చింది. మార్చి 28న ఆవిడ ఉద్యోగ విరమణ. బళ్లో సభ. నలభై ఏళ్లలో చదువుకున్న పిల్లలంతా వస్తారట. ప్రసంగం చెయ్యమంటే, "నాకు ప్రసంగాలు రావు, బోర్డు మీద ఒక లెక్క చెప్తాను, వినండి" అందట.

సంచిలోంచి గుడ్డ తీసింది. ముదురు నీలం ఉన్ని. పట్టుకుంటే వేళ్లు అందులోనే ఉండిపోయేంత మెత్తన. నేసిన మిల్లు మూతపడి పదేళ్లయింది, ఈ రోజు కోసమే దాచుకుందట. సరిగ్గా ఒక కోటుకు సరిపోతుంది, మిగలదు.

"పిల్లలు నా మొహం కంటే నా వీపే ఎక్కువ చూశారమ్మా మాస్టారూ. నలభై ఏళ్లు బోర్డు వైపు తిరిగి రాశాను కదా. ఆ రోజు కూడా అదే చూస్తారు" అంది. దర్జీని కదా, ఆవిడకి కూడా నేను మాస్టారునే.

ఆవిడ వెన్ను ఎడమకు వంగి ఉంటుంది. కుడి భుజం కింద ఎత్తు. రెడీమేడ్ కోటు వేస్తే వెనకాల ఒక పక్క పైకెగిరి, ఇంకో పక్క సంచిలా జారుతుంది. నేను కుట్టిన కోటు వేస్తే నీళ్లు జారినట్టు తిన్నగా కిందికి దిగుతుంది. ఇరవై ఏళ్ల కిందట మొదటిసారి నా కోటు వేసుకుని ఆవిడ అద్దం ముందు ఎంతసేపు నిలబడిందో నాకు తెలుసు. అప్పుడున్నది చిన్న అద్దం.

ఇలాంటివాళ్లు నాకు ముప్ఫై మంది దాకా ఉన్నారు. ఒక భుజం పడిపోయిన బస్సు డ్రైవరు, ఆపరేషన్‌లో ఒక రొమ్ము పోయిన మందుల షాపు ఆవిడ, తలుపు పట్టనంత పొడుగు పిల్ల. నగరంలోని పెద్ద దుకాణాలు వీళ్లని చూసి "మీ సైజు లేదండీ" అంటాయి. నేను ఆ మాట ఇంతవరకు ఎవరికీ అనలేదు.

కొలతలు మళ్లీ తియ్యాలా అని అడిగింది. అక్కర్లేదు టీచరు గారూ, మీ వీపు నాకు కంఠతా వచ్చు, యాప్‌లో భద్రంగా ఉంది అన్నాను.

ఫిబ్రవరి 17

పొద్దున్నే మెసేజ్. "మీ ప్రారంభ ధర రేపటితో ముగుస్తుంది. ఎల్లుండి నుంచి మీ సభ్యత్వం సాధారణ ధరకు దానంతటదే కొనసాగుతుంది." నెలకు తొంభై తొమ్మిది ఉండేది. సాధారణ ధర పదకొండు వందల తొంభై తొమ్మిది.

పొరపాటు అయి ఉంటుంది. పన్నెండు రెట్లు ఎవరు పెంచుతారు?

ఫిబ్రవరి 18

ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు పాట వినిపించి ఒక అమ్మాయి పలికింది.

"మీ విలువైన సభ్యత్వానికి ధన్యవాదాలు మేడం."

"విలువ పెంచింది మీరే కదా తల్లీ. ఇదేం పద్ధతి? నేను కొలత తీసుకున్న రోజు చెప్పిన కూలీయే బట్ట చేతికిచ్చే రోజూ తీసుకుంటాను. మధ్యలో పన్నెండింతలు అంటే ఆ బట్ట నా మొహానే కొడతారు."

"అది మా షరతుల్లో ఉంది మేడం. తొమ్మిదో అంశం."

"ఎంత అక్షరాల్లో ఉంది?"

అవతల చిన్నగా నవ్వు వినిపించింది. నవ్వు ఆపుకుని, మేడం అది మా చేతుల్లో లేదు అంది. పాపం దాని జీతం ఎంతో. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. మా అమ్మ ఈ సామెత ఊరికే అనేది కాదు.

రద్దు చేశాను. అంత తేలిగ్గా ఏం కాలేదు. రద్దు మీట ఎక్కడో అట్టడుగున పెట్టారు. నొక్కితే "మీరు వెళ్లిపోవడం మాకు బాధగా ఉంది" అంటుంది. మళ్లీ నొక్కితే "నిజంగానా?" అంటుంది. నిజంగానే. మూడోసారి కూడా నిజంగానే. వీధిలోకి వెళ్లి సెలూన్ తమ్ముడికి, బేకరీ ఆయనకి, మందుల షాపు ఆవిడకి చెప్పాను. అక్కంటే అక్కే అన్నాడు తమ్ముడు. కోడలు మాత్రం "యాప్‌లో ఉన్న అట్టల గీతలన్నీ బయటికి తీసి పెట్టుకున్నారా ముందు?" అని అడిగింది.

అన్నీ చూసే చేశాను అన్నాను.

ఫిబ్రవరి 19

యాప్ తెరిచాను. నాలుగు వందల మందీ ఉన్నారు, గోరంత గోరంత బొమ్మలుగా. కింద రాసి ఉంది: చూడవచ్చు. ముద్రించలేరు.

ఫిబ్రవరి 20

మళ్లీ చూశాను. అలాగే ఉన్నారు.

ఫిబ్రవరి 21

టీచరు గారి గుడ్డ తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాను. వెలుతురులో దాని రంగు ఇంకా బాగుంది.

మళ్లీ చేరాను. ఒక్క నెలకే. మానేసి తిరిగొచ్చినవాళ్లకు ఇంకో రెండు వందలు ఎక్కువట. టీచరు గారి కోటు కోసం తప్ప నా కోసం కాదు. ఆవిడ వీపు ముద్రించుకుని మళ్లీ రద్దు చేస్తాను. పని కోసం వంద మెట్లు దిగిన మనిషిని, ఇదో మెట్టు. దీన్ని ఓడిపోవడం అనరు.

ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎవరూ అడగలేదు కూడా.

మార్చి 2

ఇవాళ కొట్టు ముందు క్యూ. నిజంగానే క్యూ. తమ్ముడు ఊరుకోకుండా, అక్క రద్దు చేసి పెడుతుందని అందరికీ చెప్పాడు. బేకరీ ఆయన సినిమాల యాప్ తెచ్చాడు, మూడు నెలలు ఉచితమని చేరి రెండేళ్లుగా కడుతున్నాడట, ఒక్క సినిమా చూడలేదట. మందుల షాపు ఆవిడ బరువు తగ్గించే యాప్ తెచ్చింది. బరువు అలాగే ఉంది, రేటే పెరిగింది అని తనే నవ్వింది. తమ్ముడు పాటల యాప్ తెచ్చాడు.

అందరివీ రద్దు చేశాను. మీట ఎక్కడ దాస్తారో నాకిప్పుడు బాగా తెలుసు. మొదట బతిమాలతారు, తర్వాత సగం ధర అంటారు, తర్వాత మీ డేటా పోతుందని బెదిరిస్తారు. దేనికీ లొంగకూడదు, కత్తెర గుడ్డలో దిగాక ఆపకూడదన్నట్టే ఇది కూడా, అని చెప్పాను. అందరూ తలలూపారు. తమ్ముడు నాకు రద్దు మాస్టారమ్మ అని పేరు పెట్టాడు. కొట్టు బయట బోర్డు మీద సుద్దతో రాశాడు కూడా. తుడిచెయ్యమన్నాను గానీ గట్టిగా అనలేదు.

కోడలు లోపలే కూర్చుని బొత్తాలు కుట్టింది. నా కబుర్లు విని ఎప్పుడూ నవ్వే పిల్ల ఇవాళ నవ్వలేదు. తలనొప్పేమో.

మార్చి 6

టీచరు గారి కోటు కోశాను. కాగితం పరిచి, బరువులు పెట్టి, సుద్ద గీసి, ఒక్క ఊపున. నా కత్తెర ఇంకెవరూ ముట్టరు, ముట్టనివ్వను. ఈ వయసులో కూడా నా కోత అంచు చూస్తే రంపం పళ్లలాంటి గాటు ఒక్కటి కనపడదు. వీపు ముక్క ఎప్పటిలా ఒకే ముక్క, ఎక్కడా జాయింటు లేకుండా.

మార్చి 8

ట్రయల్‌కి కచ్చా కుట్లు వేసి టీచరు గారికి తొడిగాను. కొత్త అద్దం ముందు నిలబెట్టాను.

బాగోలేదు.

ముందు ముక్కలు సరిగ్గా ఉన్నాయి. వీపు బాగోలేదు. కుడి భుజం కింద గుడ్డ బిగిసి పైకి లేచింది, ఎడమ పక్క నడుము దగ్గర జేబులో చెయ్యి పెట్టినంత ఖాళీ. రెడీమేడ్ కోటు లాగే ఉంది. నా చేతిలోంచి వచ్చిన కోటు రెడీమేడ్ కోటులా ఉంది!

పెద్ద అద్దం కదా, ఆవిడకీ అంతా కనపడింది. కాసేపు చూసుకుని మెల్లిగా అంది, "ఇది నా పాత వీపమ్మా."

సర్దుతాను, ఇది ట్రయలే కదా అన్నాను.

మార్చి 9

ప్రింటు షాపు కాగితం సాగినట్టుంది.

మార్చి 10

ప్రింటు షాపు కాగితం కొలిచాను. సాగలేదు.

మార్చి 11

మా అబ్బాయి పనికి వెళ్లాక కోడలు నా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. కోడలై వచ్చిన ఆరేళ్లలో అలా కూర్చోవడం ఇదే మొదటిసారి.

"అత్తయ్యా, ఒక మాట చెప్తాను, కోప్పడకండి. ఇదివరకు ఎవరు వచ్చినా మీరు గోడ మీంచి వాళ్ల అట్ట తీసి ఒంటికి ఆనించేవారు. గుర్తుందా? వీపుకి అట్ట ఆనించి చేత్తో నిమిరి, ఎక్కడ ఎత్తొచ్చిందో, ఎక్కడ తగ్గిందో చూసి, అక్కడ కాస్త కత్తిరించేవారు, లేకపోతే చిన్న చీలిక అతికించేవారు. బస్సు డ్రైవరు గారి అట్ట నిండా అతుకులే. ఇప్పుడు మీరు మనిషిని చూడట్లేదు, తెరని చూస్తున్నారు."

ఆ అతుకులు అసహ్యంగా ఉన్నాయని, యాప్‌లో ఎంత శుభ్రంగా వచ్చాయో చూడమని, మురిసిపోయింది నేనే. ఏడాదిగా ఎవరి వీపు మీదా నా చెయ్యి పడలేదు. టీచరు గారికి అరవై వచ్చాయి. వెన్ను ఆగుతుందా నా కోసం? కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. అట్టలు బండికి వేసినప్పుడు పోయింది అట్టలే అనుకున్నాను.

"ఇంకో మాట" అంది. "డబ్బు కట్టినప్పుడల్లా మెసేజ్ నాకూ వస్తుంది అత్తయ్యా. చేరేటప్పుడు మీరే కదా నా నంబరు ఇమ్మన్నారు."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ఫిబ్రవరి ఇరవై ఒకటి."

"మరి వీధి వీధంతా నన్ను పొగుడుతుంటే ఊరుకున్నావేం?"

"మీరే చెప్తారని."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ పిల్ల లేచి టీ పెట్టుకొచ్చింది. ఇద్దరం తాగాం. కోపం రాలేదు. రావాలని చూశాను గానీ రాలేదు. నాతో ఇంత సూటిగా మాట్లాడిన పిల్ల నా ఇంట్లోనే ఉందని లోపలెక్కడో గర్వంగా కూడా ఉంది. అది ఆ పిల్లకి చెప్పలేదు.

మార్చి 13

టీచరు గారిని మళ్లీ రమ్మన్నాను. అసలు సంగతి చెప్పాను: గుడ్డ పాత కొలతకు కోసేశాను, వీపు ముక్క పాడైంది, తప్పు నాది, ఇలాంటి గుడ్డ ఎక్కడా దొరకదు. ఈ మాటలు నా నోటితో నేనే అన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లలో "తప్పు నాది" అని ఒక్క కస్టమరుతో కూడా అనలేదు. ఆ అవసరం రాలేదనుకునేదాన్ని.

ఆవిడ కంగారు పడలేదు. "లెక్క తప్పితే ఏం చేస్తాం? తుడిచి మళ్లీ చేస్తాం" అంది.

రెండు గంటలు నిలబెట్టాను. పల్చటి కాగితం వీపు మీద పరిచి, వెన్ను ఎముక వెంట వేలు పెట్టి మెడ నుంచి నడుము దాకా జరిపాను. నాలుగేళ్ల కిందట చివరిసారి అట్ట సరిచేసినప్పుడు ఎడమకు రెండు వేళ్లు వంగేది. ఇప్పుడు మూడు వేళ్లు, పైన మళ్లీ కుడికి చిన్న మలుపు. ఆ మలుపు కొత్తది. అది ఏ యాప్‌లోనూ లేదు, నా జ్ఞాపకంలోనూ లేదు. నేను నెలకు పధ్నాలుగు వందలు కట్టి కాపాడుకుంటున్న వీపు ఈ భూమ్మీద ఎవరికీ లేదు.

పాడైన ముక్కని బల్ల మీద పరిచి చూశాం, కోడలూ నేనూ. అంచుల్లో మడతకు వదిలిన గుడ్డ, మిగిలిన పీలికలు, అన్నీ కలిపినా ఒకే ముక్కగా వీపు రాదు. కోడలే అంది, "నిలువునా రెండుగా చేస్తే వస్తుంది కదా అత్తయ్యా. నడిమధ్య కుట్టు."

"నడిమధ్య కుట్టు తిన్నగా ఉండాలి. ఈవిడ వెన్ను తిన్నగా లేదు. తిన్నగా కుడితే వంకర ఇంకా కనపడుతుంది. అందుకే కదా ఇరవై ఏళ్లుగా ఒకే ముక్కలో లాక్కొస్తున్నాను, కనపడకుండా."

"తిన్నగా ఎందుకు కుట్టాలి? వెన్ను ఎటు పోతే కుట్టూ అటే పోతే?"

నేను టీచరు గారి వైపు తిరిగాను. మీ వంపు అందరికీ కనపడుతుందండీ, దాచడానికి వీలవదు అన్నాను.

ఆవిడ అద్దంలోంచే నన్ను చూసి, "దాచమని నేనెప్పుడైనా అడిగానా అమ్మా?" అంది.

లేదు. అడగలేదు. ఇరవై ఏళ్లుగా నేనే ఆ పని చేస్తున్నాను, అదే నా గొప్పతనం అనుకుంటూ.

మార్చి 19

కుట్టు వేశాను. నా జీవితంలో ఇంత కష్టమైన కుట్టు వెయ్యలేదు. నదిలా మెలికలు పోయే గీత మీద రెండు ఉన్ని ముక్కల్ని ముడత రాకుండా కలపాలి. ఒక పక్క కొంచెం సాగదియ్యాలి, ఇంకో పక్క ఆవిరి పట్టి కుదించాలి. మూడుసార్లు విప్పాను. నాలుగోసారి కుదిరింది. లోపల లైనింగ్ కోడలు చేతి కుట్టు. ఆ పిల్ల చెయ్యి ఎంత నెమ్మదైందో ఇన్నాళ్లూ సరిగ్గా చూడలేదు.

మార్చి 21

యాప్ వాళ్లు రెండో నెల డబ్బు తీసుకున్నారు. మర్చిపోయాను.

లేదు, మర్చిపోలేదు. నిన్న మీట దాకా వెళ్లాను. నాలుగు వందల మంది అందులో ఉన్నారు, రద్దు చేస్తే మళ్లీ గోరంత బొమ్మలవుతారు అనిపించి వెనక్కి వచ్చేశాను. బేకరీ ఆయనతో దేనికీ లొంగకూడదని చెప్పిన నోరే ఇది. ఎదుటివాళ్లకు చెప్పేటందుకే నీతులు.

మార్చి 28

వెళ్లొచ్చాం, కోడలూ నేనూ. వెనక వరసలో కూర్చున్నాం.

బళ్లో పెద్ద గది కిక్కిరిసిపోయింది. పెద్దవాళ్లు కూడా పిల్లల బల్లల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు. టీచరు గారు ముదురు నీలం కోటు వేసుకుని వచ్చింది. ముందు నుంచి చూస్తే మామూలు కోటే. నమస్కారం పెట్టి, సుద్ద ముక్క తీసుకుని, "సరే, పుస్తకాలు తెరవండి" అని బోర్డు వైపు తిరిగింది.

మెడ దగ్గర మొదలైన కుట్టు కుడికి చిన్నగా తిరిగి, ఎడమకు ఒరిగి, నడుము దగ్గర మళ్లీ దారిలోకొచ్చి అంచు దాకా దిగింది. గుడ్డ ఎక్కడా ఎగరలేదు, ఎక్కడా జారలేదు. ఆవిడ చెయ్యెత్తి పై వరసలో రాసినప్పుడు కుట్టు చేత్తోపాటే సాగి, దించగానే మళ్లీ వచ్చి కుదురుకుంది. నా ముందు వరసలో గడ్డం నెరిసిన ఒకాయన పక్కాయనతో, "అదే వీపురా. ఆ వీపు చూస్తూనే కదా మనం లెక్కలు నేర్చుకున్నాం" అన్నాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు కూడా.

నాకు గర్వమేసింది. ఇది రాసుకోవడానికి నాకేం సిగ్గు లేదు. నా ముప్ఫై ఒక్క ఏళ్లలో కుట్టినవాటిలో ఇదే గొప్ప కోటు. సగం తెలివి కోడలిది. బళ్లోంచి బయటికొచ్చాక ఆ మాట దానితోనే అన్నాను. ఏమన్నారు అత్తయ్యా, వినపడలేదు అంది. వినపడింది దానికి. రెండోసారి కూడా అన్నాను.

మార్చి 29

ఆదివారం. సెలూన్‌లో మనుషులు నిండుగా ఉన్న వేళ చూసుకుని వెళ్లాను. బేకరీ ఆయన మొహం నిండా సబ్బు నురగతో కుర్చీలో ఉన్నాడు. మందుల షాపు ఆవిడ కొడుకు క్రాపు కోసం వచ్చి బయట నిలబడింది. మంచిదే, ఒక్కసారే చెప్పొచ్చు.

"తమ్ముడూ, నా కొట్టు బోర్డు మీద రాసింది తుడిచెయ్. నేను రద్దు చేసిన మూడో రోజే మళ్లీ చేరాను. మీ అందరివీ రద్దు చేస్తున్న రోజుల్లో నాది నడుస్తూనే ఉంది. మీకంటే ఎక్కువ ధరకి. చదవకుండా నొక్కింది నేనూను."

తమ్ముడు కత్తి గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత గది గదంతా ఒకటే నవ్వు. బేకరీ ఆయన నవ్వుకి నురగ ఎగిరి అద్దం మీద పడింది. నేనూ నవ్వాను. ఎన్ని రోజులైందో అలా నవ్వి.

"మరి ఇప్పుడైనా తీసేశావా అక్కా?" అన్నాడు తమ్ముడు.

ట్యాబ్ తీసి అక్కడే, అందరి ముందూ నొక్కాను. బాధగా ఉందంది. నిజంగానా అంది. మూడు నెలలు సగం ధరకిస్తానంది. డేటా పోతుందంది. ఎందుకు వెళ్లిపోతున్నారో చెప్పండి అని చివర ఒక ఖాళీ గడి పెట్టింది. "మనుషులు మారారు" అని రాసి నొక్కాను.

"బోర్డు మీద మాత్రం తుడవను" అన్నాడు తమ్ముడు.

ఏప్రిల్ 12

కోడలూ నేనూ అద్దం ఎదుటి గోడకి కొక్కేలు కొట్టాం. మా అబ్బాయి వచ్చి, ఎన్ని కొట్టాలమ్మా అని అడిగి, నాలుగు వందలు అనగానే భోజనం గుర్తొచ్చి వెళ్లిపోయాడు. తొందరేం లేదు. ఎవరు వస్తే వాళ్లకి, ఒక్కొక్కటే.

కబురు పంపాను ముందుగా నా ముప్ఫై మందికి. కొలత ఉచితం, వచ్చి నిలబడండి చాలని. బస్సు డ్రైవరు వచ్చాడు. భుజం ఇంకాస్త దిగింది. మందుల షాపు ఆవిడ వచ్చింది. పొడుగు పిల్ల వచ్చి, ఇంక పెరగట్లేదు ఆంటీ అని సంతోషంగా చెప్పింది. కొలిచి పుస్తకంలో పాత లెక్కతో పోలిస్తే అర అంగుళం పెరిగింది. అది కూడా రాశాను.

తొమ్మిది కట్టలయ్యాక పొద్దు వాలింది. కత్తెర బల్ల మీద పెట్టి కూర్చున్నాను. కోడలు టేపు మెడలో వేసుకుని నా ఎదురుగా నిలబడింది.

"లేవండి అత్తయ్యా. మీది తీస్తాను."

"నాదెందుకు?"

"ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ గోడ మీద మీ అట్ట ఒక్కసారైనా ఉందా?"

లేదు. నా బట్టలు నేను ఎప్పుడూ కంటి లెక్కతోనే కోసుకున్నాను, కొలిచే తీరిక ఎక్కడ. లేచి అద్దం ముందు నిలబడ్డాను. ఇంత పెద్ద అద్దం తెచ్చానే గానీ అందులో నన్ను నేను నిలువునా చూసుకోవడం ఇదే మొదటిసారి. ఆ పిల్ల నా మెడ వెనక వేలు పెట్టి, వెన్ను వెంట నడుము దాకా మెల్లిగా జరిపింది. నేను నేర్పలేదు. చూసి నేర్చుకుంది. తర్వాత భుజాల దగ్గర ఆగి, రెండు చేతులూ ఆనించి, మళ్లీ ఆనించి చూసింది.

"ఏంటి?"

"ఏం లేదు."

"చెప్పవే."

"మీ కుడి భుజం కిందికి ఉంది అత్తయ్యా. కత్తెర పట్టీ పట్టీ. వేలు మందం. అంతకంటే కాస్త ఎక్కువేనేమో."

అద్దంలో చూశాను. నిజమే. అందరి భుజాలూ చూసినదాన్ని, నాది నాకెప్పుడూ కనపడలేదు. నా ముప్ఫై మంది ముప్ఫై ఒక్కరయ్యారు.

కోడలు పుస్తకం ముందు పేజీ తెరిచి, పెన్ను పట్టుకుని, నా మొహం వంక చూస్తూ ఆగింది. వేలు మందమే రాయనా అంది.

"ఉన్నంతా రాయి. తగ్గించి రాయకు" అన్నాను. కత్తెర తీసి దాని చేతికిచ్చాను.